ఇంటింటికీ బొమ్మను చేర్చిన రాజా రవివర్మ

పరిచయం

తామరపువ్వు మీద నిలబడిన లక్ష్మీదేవి, పక్కన నీటిలో ఏనుగు ఉన్న పటాన్ని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మీ ఇంట్లో కావచ్చు, కిరాణా కొట్టులో కావచ్చు. ఇలాంటి పటాలు చాలావాటికి మూలం కేరళకు చెందిన చిత్రకారుడు రాజా రవివర్మ బొమ్మలే. అందమైన అమ్మాయిని చూసి రవివర్మ బొమ్మలా ఉందని మన తెలుగువాళ్ళు కూడా అంటూ ఉంటారు. ఆయన మొదట గీసినవి రాజభవనాల కోసం. అవి మన ఇళ్ళకు ఎలా వచ్చాయి? అందుకోసం ఆయన ఏం పోగొట్టుకున్నారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బాల్యం, శిక్షణ

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరులో పుట్టారు. పేరుకు ముందు రాజా అని ఉన్నా ఆయన ఏ రాజ్యాన్నీ ఏలలేదు. తిరువాన్కూరు రాజవంశంతో వియ్యమందుతూ వచ్చిన కుటుంబం వారిది. చిన్నతనంలో ఆయన బొగ్గుతో ఇంటి గోడల మీద బొమ్మలు గీసేవారని చెబుతారు. మేనమామ రాజరాజవర్మ కూడా చిత్రకారుడే. పిల్లవాడి నేర్పును గుర్తించి తొలి పాఠాలు చెప్పింది ఆయనే. 14వ ఏట రవివర్మను తిరువనంతపురం తీసుకువెళ్ళి మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆశ్రయంలో ఉంచారు.

అక్కడ రవివర్మ మనసు తైలవర్ణాల మీద నిలిచింది. నూనెతో కలిపిన ఈ రంగులు నెమ్మదిగా ఆరతాయి. అందువల్ల వెలుగునూ నీడనూ ఒకదానిలో ఒకటి కలిపి దిద్దవచ్చు. పట్టుచీర మెరుపు, నగల తళుకు, మనిషి ఒంటి నిగారింపు నిజంగా ఉన్నట్లే కనిపిస్తాయి. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు మనదేశంలో అప్పుడు చాలా తక్కువ. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజుగారి చిత్రం గీయడానికి వచ్చాడు. అతడు రవివర్మకు పాఠం చెప్పలేదు. తాను గీస్తుంటే చూడనిచ్చాడు, అంతే. చూసినదాన్ని రవివర్మ సొంతంగా ఏళ్ళ తరబడి సాధన చేశారు.

2. పేరు ప్రతిష్ఠలు

1873లో మద్రాసులో జరిగిన చిత్రకళా ప్రదర్శనలో ఆయనకు గవర్నరు బంగారు పతకం వచ్చింది. ఆ చిత్రంలో ఉన్నది ఏ దేవతా కాదు, జడలో పూలు ముడుచుకుంటున్న ఒక నాయర్ స్త్రీ. 1893లో అమెరికాలోని చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆయన పది చిత్రాలు పంపి బహుమతులు పొందారు.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ పురాణగాథలతో 14 చిత్రాలు గీయమని కోరారు. ఈ పనికోసం రవివర్మ తమ్ముడు సి. రాజరాజవర్మతో కలిసి ఉత్తర భారతం తిరిగారు. పురాణ స్త్రీలకు ఎలాంటి దుస్తులు వేయాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. చివరకు చీరనే ఎంచుకున్నారు. శకుంతల, దమయంతి, సీత మనకు తెలిసిన మనుషుల్లా కనిపించడానికి ఇది ఒక కారణం.

3. ఒక చిత్రం, వేల ప్రతులు

తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది. అది కొన్నవారి గోడ మీదే ఉంటుంది. తిరువాన్కూరులోనూ బరోడాలోనూ దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు ఈ చిత్రాలను అచ్చు వేయించి జనానికి అందించమని సలహా ఇచ్చారు. రవివర్మ 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సు పెట్టారు. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు. అక్కడ మొదట అచ్చయిన బొమ్మ శకుంతల జననం.

ఈ అచ్చు ఎలా వేసేవారో చూడండి. నున్నటి సున్నపురాతి పలక మీద జిడ్డు ఉన్న పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా పూస్తే, సిరా జిడ్డు ఉన్నచోటే అంటుకుంటుంది. దానిమీద కాగితం వేసి ఒత్తుతారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. కాగితం వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ పాడవుతుంది.

4. గోడ మీదికి వచ్చిన దేవుడు

ఆ రోజుల్లో కొన్ని కులాలవారిని గుడిలోకి రానిచ్చేవారు కాదు. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులో అందరికీ ఆలయ ప్రవేశం దొరికింది 1936లో, అంటే ఆయన చనిపోయిన 30 ఏళ్ళకు. అచ్చుపటానికి మాత్రం అలాంటి అడ్డు లేదు. కొనుక్కున్నవారి ఇంట్లోకి లక్ష్మి, సరస్వతి వచ్చారు. రవివర్మ ఈ ఉద్దేశంతోనే ప్రెస్సు పెట్టారని అనలేం. కాని ఆయన పనివల్ల జరిగిన పెద్ద మార్పు ఇదే.

5. నష్టాలు, విమర్శలు

ప్రెస్సు ఆయనకు లాభం తేలేదు. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించింది. తరువాత ప్రెస్సును లోనావాలా దగ్గరి మలవలికి మార్చారు. అప్పులు పెరిగాయి. చివరకు దాన్ని తనవద్ద పనిచేసిన జర్మన్ నిపుణుడు ష్లైషర్‌కు అమ్మేశారు. బొమ్మలు మాత్రం అచ్చవుతూనే ఉన్నాయి. 1913లో రాజా హరిశ్చంద్ర సినిమా తీసిన దాదాసాహెబ్ ఫాల్కే కూడా అంతకుముందు ఈ ప్రెస్సులో పనిచేసినవారే.

తరువాతి తరం విమర్శకులు కొందరు ఆయన్ను ఒప్పుకోలేదు. పద్ధతి ఐరోపాది, దేవతలు నాటకంలో పాత్రల్లా ఉన్నారు, అచ్చు బొమ్మలతో కళ చవకబారిందని వారి వాదన. ఇందులో కొంత నిజం ఉంది. కాని చిత్రం అనేది తమకూ దక్కుతుందని లక్షలాది కుటుంబాలకు తెలిసింది ఆ చవక కాగితంతోనే.

1905లో తమ్ముడు మరణించారు. 1906 అక్టోబరు 2న రవివర్మ కన్నుమూశారు. 1979లో భారత ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళాసంపదగా గుర్తించింది. అసలు చిత్రాలను తిరువనంతపురం, మైసూరు, వడోదరల్లో చూడవచ్చు.

మీరు ఆలోచించండి

1. రవివర్మ తైలవర్ణ చిత్రణ ఎలా నేర్చుకున్నారు?
2. రంగుల అచ్చుకు ఎక్కువ రాళ్ళు ఎందుకు కావాలి?
3. మీ ఇంట్లోని ఒక పటాన్ని పరిశీలించండి. అందులోని చీర, నగలు, పరిసరాలను గురించి ఐదు వాక్యాలు రాయండి.
4. అచ్చు వేయడంవల్ల కళ విలువ తగ్గుతుందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.