లోతు లేని నీటిపై దారి వేసిన విలియం హామిల్టన్

వేసవి నాటి గోదావరిని చూచినవారికి ఒక దృశ్యం చిరపరిచితం. నది నిండా ఇసుక మేటలు. వాటి నడుమ మోకాలి లోతు పాయలు. లాంచీ ఎక్కడ మేట వేస్తుందోనని రేవు రేవుకూ గడకర్రతో లోతు చూచుకొనే సరంగు. నీటి కొరత ఒక్కటే ఇందుకు కారణం కాదు. లాంచీని నడిపే ప్రొపెల్లరు పడవ అడుగు కన్న దిగువన తిరుగుతుంది. దానికి తగినంత లోతు లేకుంటే రెక్కలు రాతికో ఇసుకకో తగిలి విరిగిపోతాయి. ప్రపంచంలో ఎన్నో నదుల మీద మోటారు పడవకు అడ్డు నిలిచిన సమస్య ఇదే. దానిని జయించినవారిలో అగ్రగణ్యుడు ఒక గొర్రెల పెంపకందారుడు. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడం మా ఉద్దేశం.

చార్లెస్ విలియం ఫీల్డెన్ హామిల్టన్ 1899 జులై 26న న్యూజీలాండు దక్షిణ ద్వీపంలో, ఫెయిర్లీ అనే చిన్న పట్టణానికి సమీపాన ఆష్విక్ అనే గొర్రెల క్షేత్రంలో జన్మించారు. పెద్దన్నగారు మొదటి ప్రపంచయుద్ధంలో అసువులు బాయగా, చిన్న వయస్సులోనే చదువు ముగించి సేద్యపు బాధ్యతలు తలకెత్తుకోవలసి వచ్చింది. 1921లో మెకంజీ ప్రాంతంలోని ఐరిష్‌మన్ క్రీక్ అనే విశాలమైన క్షేత్రాన్ని కొని అక్కడ స్థిరపడ్డారు.

ఆ మారుమూల చోట విద్యుత్తు లేదు. వాగుకు ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయాలని ఆయన సంకల్పించారు. ఆనకట్టకు మట్టి తీయడానికి తగిన యంత్రం దొరకలేదు. యంత్రం లేదని పని మానుకొనే స్వభావం కాదు ఆయనది. మట్టి తోడే యంత్రాన్ని తన కొట్టంలో తానే తయారు చేసుకొన్నారు. చేతిలో ఇంజనీరింగు పట్టా లేదు. చేతులకు మాత్రం పనితనం ఉంది. ఆ కొట్టమే క్రమంగా కార్ఖానాగా మారి, తదనంతర కాలంలో క్రైస్ట్‌చర్చ్ నగరానికి విస్తరించింది. ఆయనకు వేగమన్నా మక్కువే. 1930లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై బెంట్లీ కారు నడిపి విజయం సాధించారు.

అయితే ఆయన మనసును చిరకాలంగా వేధించినవి తన ఇంటి చుట్టూ పారే నదులు. మంచుకొండలలో పుట్టి, గులకరాళ్ళ మీదుగా జడపాయలవలె చీలి, అతి వేగంగా ప్రవహించే ఆ నదులలో ప్రవాహానికి ఎదురుగా పోగల పడవ లేదు. లోతు చూస్తే జానెడు. వేగం చూస్తే గుర్రపు పరుగు. ప్రొపెల్లరుకు అక్కడ చోటే లేదు.

నీటిని ఒక మూతినుండి పీల్చి, వేరొక మూతినుండి వేగంగా వెలిగ్రక్కి పడవను నడపవచ్చుననే భావం ఆయనకు ముందే ఉన్నది. అమెరికాలో జేమ్స్ రమ్సే 1787లోనే ఆవిరి పంపుతో అట్టి పడవను పొటోమాక్ నదిపై నడిపి చూపారు. కాని ఆచరణలో అది రాణించలేదు. 1950 దశకం తొలి సంవత్సరాలలో హామిల్టన్ అమెరికాలో తయారైన హాన్లీ హైడ్రోజెట్ అనే సాధనాన్ని పరిశీలించి, ఆ పద్ధతిలో ఒక చిన్న పడవను సిద్ధం చేశారు. పంపు పీల్చిన నీరు పడవ అడుగున ఉన్న గొట్టం గుండా నీటిలోనికే చిమ్మేది. ఆ గొట్టాన్ని త్రిప్పితే పడవ తిరిగేది. పడవ నడిచింది గాని, గంటకు సుమారు 7 మైళ్ళకు మించి పోలేదు. ఉరవడిగా పారే నదికి ఆ వేగం ఏ మూలకు?

ఈ సందర్భంలో ఆయన వద్ద పనిచేసే ఒక ఉద్యోగి ఒక సూచన చేశాడు: నీటిని పడవ అడుగున కాక, వెనుకభాగం నుండి నీటి మట్టానికి కొంచెం పైగా, గాలిలోనికి వదిలితే ఎలా ఉంటుంది? హామిల్టన్ ఆ మాటను పెడచెవిన పెట్టలేదు. అట్లే చేసి చూచారు. వేగం ఒక్కసారిగా సుమారు 17 మైళ్ళకు పెరిగింది!

ఇందులోని రహస్యాన్ని మా విద్యార్థులు గ్రహించాలి. చిమ్మిన నీరు వెనుక ఉన్న నీటిని గుద్దినందువల్ల పడవ ముందుకు పోతుందని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. అగ్నిమాపక దళం వారు నీరు చిమ్మేటప్పుడు గొట్టం వారి చేతులను వెనుకకు తన్నుతుంది. అక్కడ ముందున్నది గాలి మాత్రమే కదా! నీటిని వేగంగా వెనుకకు నెట్టిన చర్యకు ప్రతిచర్యగా పడవ ముందుకు సాగుతుంది. కనుక నీటిని గాలిలోనికి వదిలినా బలానికి లోటు లేదు. పైగా గొట్టం నీటిలోనుండి పైకి వచ్చినందున దానికి తగిలే నీటి ఒరిపిడి తొలగింది. పడవ అడుగు నున్నన అయింది. రాయి తగిలి విరిగేందుకు అడుగున ఏమీ మిగలలేదు. తరువాత పంపును కూడ మార్చి, నీరు ఇరుసు వెంబడి తిన్నగా సాగే విధంగా రూపొందించారు. వేగం అందుకొన్న పడవ నీటిపై తేలి పరుగెత్తేది. అప్పుడు దానికి కొద్ది అంగుళాల నీరు చాలును.

అమెరికాలో ఈ పడవను చూపి, కొలరాడో నదిపై ఎదురెక్కుతామని హామిల్టన్ చెప్పినప్పుడు అక్కడి పత్రికలు ఎగతాళి చేశాయి. 1960లో ఆయన కుమారుడు జాన్ హామిల్టన్ ప్రధాన చోదకుడుగా జెట్ పడవలు గ్రాండ్ కాన్యన్ లోయలోని భీకరమైన జలపాతపు మెట్లను ప్రవాహానికి ఎదురుగా దాటాయి. ఎగతాళి అంతటితో ఆగిపోయింది.

1974లో ఆయనకు సర్ బిరుదం లభించింది. 1977లో సర్ ఎడ్మండ్ హిల్లరీ బృందం మూడు జెట్ పడవలలో గంగాసాగరం నుండి బయలుదేరి, కాశీ, హరిద్వారం, ఋషీకేశాల మీదుగా గంగకు ఎదురెక్కి నందప్రయాగ వరకు పోయింది. ఆ పడవలు నడిపినవారిలో జాన్ హామిల్టన్ ఉన్నారు; మనుమడు మైకేల్ కూడ ఉన్నాడు. తన ఊరి వాగు కోసం చేసిన సాధనం మన దేశపు పుణ్యనదిని ఎక్కిన కొద్ది మాసాలకే, 1978 మార్చి 30న, ఆ వృద్ధుడు కన్నుమూశారు.

అంత కీర్తి వచ్చినా, ఈ సూత్రాన్ని తాను కనిపెట్టలేదనీ, ఆ గౌరవం ఆర్కిమిడీస్‌కే చెందుతుందనీ ఆయన వినయంతో చెప్పుకొనేవారు. ఈ వినయమే మమ్ము ఎక్కువగా ఆకర్షించింది. యజమాని అయి ఉండి పనివాని మాటను ఆయన త్రోసిపుచ్చి ఉంటే ఆ పడవ 7 మైళ్ళ దగ్గరే నిలిచిపోయేది. తరగతిలో వెనుక బల్లమీది విద్యార్థి సందేహంతో లేచినప్పుడు, పాఠం ఆలస్యమవుతుందని అధ్యాపకులమైన మేము ఎన్నిసార్లు కూర్చోబెట్టలేదు? ఆ సందేహాలలో ఎన్ని 17 మైళ్ళు అణగిపోయాయో! హామిల్టన్ జీవితం చదివిన తరువాత ఆ ప్రశ్న మమ్ము వదలడం లేదు. విద్యార్థులారా, సాధనాలు లేవని నిరాశ చెందకండి, సందేహం కలిగితే లేచి అడగండి. కూర్చోమనకుండా వినడం ఇక మా వంతు.