కొలత నేర్పిన మేరీ క్యూరీ

వార్సాలో 1867లో పుట్టిన మేరీ క్యూరీ, భర్త పియరీతో కలిసి 1898లో రేడియంను కనుగొన్నారు. క్యాన్సర్ చికిత్సకు దాన్ని వాడుతున్న రోజుల్లో ఎవరి కొలత వారిదే. 1911లో ఆమె సుమారు 22 మిల్లీగ్రాముల రేడియం క్లోరైడ్‌ను గాజు గొట్టంలో భద్రపరిచి, అన్ని దేశాలకూ ఒకే ప్రమాణం అందించారు. తన ఒంటికి తగిలిన కిరణాలకు మాత్రం లెక్క లేకపోయింది. ఎముక మజ్జ దెబ్బతిని, రక్తం తయారుకాని జబ్బుతో 1934లో కన్నుమూశారు.

ఇప్పుడు రేడియేషన్ మెషీన్‌ను రోజూ చికిత్సకు ముందే పరీక్షిస్తారు. కిరణాల మోతాదులో తేడా సాధారణంగా 3 శాతం దాటితే, సరిచేశాకే రోగిని పడుకోబెడతారు. ఈ లెక్కలు సరిచూసి హెచ్చరించే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. తుది నిర్ణయం మాత్రం మెడికల్ ఫిజిసిస్ట్‌దే. డిచ్‌పల్లి నుంచి హైదరాబాద్‌లోని క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినప్పుడు, మెషీన్ తనిఖీ అవుతోంది, కాసేపు ఆగమంటే విసుక్కోకండి. ఆ తనిఖీ మీ కోసమే.