పొదుపును ఇంటి నుంచే మొదలుపెట్టిన ఖలీఫా

పొదుపు అనగానే మనలో చాలామందికి లేనివాడి అవస్థే గుర్తుకొస్తుంది. చేతిలో డబ్బు లేనప్పుడు ఎవరైనా పొదుపుగానే బతుకుతారు, అందులో గొప్పేముందని అనుకుంటాం. కానీ సింధు నుంచి స్పెయిన్ దాకా వ్యాపించిన సామ్రాజ్యం చేతికి వచ్చిన రోజునే విలాసాలు వదిలేసిన వ్యక్తి గురించి తెలిస్తే ఆ అభిప్రాయం మార్చుకోక తప్పదు. ఆయనే హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై).

ఆయన క్రీ.శ. 680 ప్రాంతంలో ఉమయ్యా రాజవంశంలో జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ 20 ఏళ్ళపాటు ఈజిప్టు గవర్నరుగా ఉన్నారు. తల్లి రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గారి మనుమరాలు. ఈ తల్లి వైపు వారి గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతుండగా ఒక ఇంట్లోంచి మాటలు వినిపించాయట. పాలలో నీళ్ళు కలపమని తల్లి చెబుతోంది. ఖలీఫా చూడకపోయినా దైవం చూస్తాడని కూతురు ఒప్పుకోవడం లేదు. ఆ పేదపిల్లను ఆయన తన కుమారుడు ఆసిమ్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ దంపతుల కూతురి కొడుకే మన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్.

అయితే యౌవనంలో ఆయన నిరాడంబరులు కారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె ఫాతిమాను వివాహమాడారు. 706లో మదీనా గవర్నరుగా వెళ్ళినప్పుడు ఆయన సామాను ముప్పై ఒంటెల మీద వచ్చిందంటారు. ఆయన నడిచి వెళ్ళిన దారి చాలాసేపు అత్తరు వాసన వేసేదట. వందల దిర్హముల ఖరీదైన వస్త్రం కూడా ఆయన ఒంటికి గరుకుగా తోచేదట. అప్పుడు కూడా ఆయన న్యాయం తప్పలేదు. పదిమంది పండితులతో సలహా మండలి ఏర్పరచి, వారిని సంప్రదించే పాలించారు.

717లో ఖలీఫా సులైమాన్ సిరియాలోని దాబిఖ్ దగ్గర మరణించారు. సీలు వేసిన వీలునామా తెరిస్తే అందులో ఉమర్ పేరుంది. ఆయన కోరుకున్న పదవి కాదది. కొత్త ఖలీఫా కోసం రాచగుర్రాలు తెచ్చి నిలబెడితే, వాటిని అమ్మించి సొమ్ము బైతుల్ మాల్‌లో, అంటే ప్రజల ఖజానాలో జమ చేయించారు. తన పాత కంచరగాడిదనే ఎక్కారు.

తర్వాత తన ఇంటి లెక్క తీశారు. వంశపారంపర్యంగా వచ్చిన భూములను వదులుకున్నారు. భార్యకు పుట్టింటివారు పెట్టిన నగలు కూడా ప్రజల సొమ్మేనని ఆయన భావించారు. నగలు కావాలో తాను కావాలో తేల్చుకోమన్నారు. ఆ మహా ఇల్లాలు నగలను ఖజానాకు పంపించేశారు. ఆ తర్వాతే ఆయన బంధువుల వైపు తిరిగి, అన్యాయంగా కూడబెట్టిన ఆస్తులు హక్కుదారులకు ఇచ్చేయమన్నారు. వాళ్ళు మండిపడ్డారు. కానీ ఆయనను వేలెత్తి చూపడానికి వారికి సందు దొరకలేదు. తన ఇంటి లెక్క సరిచేసుకున్నవాడికే ఎదుటివాడి లెక్క అడిగే నోరుంటుంది. పొదుపు వల్ల కలిగే మొదటి మేలు ఇదే.

రాజ్యకార్యాలు చూసేటప్పుడు ఖజానా నూనెతో దీపం వెలిగించేవారు. సొంత విషయం మాట్లాడవలసి వస్తే దాన్ని ఆర్పి, తన డబ్బుతో కొన్న దీపం పెట్టుకునేవారు. మదీనా గవర్నరు కాగితాలు ఎక్కువ కావాలని రాస్తే, కలం సన్నగా చెక్కుకుని అక్షరాలు దగ్గర దగ్గరగా రాయమని జవాబిచ్చారు. ఒకరోజు ఆయన ఇంటికి వెళ్ళేసరికి కూతుళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారట. ఆ పూట వారు తిన్నది మసూర్ పప్పు, ఉల్లిపాయ. ఆ వాసన తండ్రికి తగలకూడదని వారి తాపత్రయం. అది చూసి ఆయన కంటతడి పెట్టారంటారు. పిల్లల మీద ప్రేమ లేక కాదు, ప్రజల సొమ్ముతో వారికి రుచులు అమర్చలేక.

ఇది పిసినారితనం కాదని గమనించాలి. ఉద్యోగులు లంచాలకు ఆశపడకూడదని వారికి మంచి జీతాలు ఇచ్చారు. సమర్‌ఖండ్ ప్రాంతంలో సత్రాలు కట్టించి, బాటసారులకు ఒక పగలు, ఒక రాత్రి ఆతిథ్యం ఇవ్వమని ఆదేశించారు. ఇస్లాం స్వీకరించినవారి నుంచి జిజియా వసూలు ఆపించారు. రాబడి తగ్గుతుందని అధికారులు మొరపెట్టుకున్నా వినలేదు. ఉత్తర ఆఫ్రికాలో జకాత్ పంచడానికి వెళ్ళిన అధికారికి తీసుకునే పేదలు దొరక్క, ఆ సొమ్ముతో బానిసలను కొని విడుదల చేశాడని చరిత్రకారులు రాశారు. ఆయన చేయి తన విషయంలోనే బిగువు, ఇతరుల విషయంలో ధారాళం.

ఆయన పాలన రెండున్నర ఏళ్ళలోపే ముగిసింది. 720లో, సుమారు 40 ఏళ్ళ వయసులో సిరియాలోని దైర్ సమ్ఆన్‌లో కన్నుమూశారు. బంధువులే విషం పెట్టించారని కొన్ని కథనాలున్నాయి. జబ్బుగా ఉన్నప్పుడు బావమరిది మస్లమా చూడవచ్చి, మాసిన చొక్కా మార్చమని చెల్లెలికి చెబితే, ఆయనకు ఇంకో చొక్కా లేదని తేలింది. ఒక కథనం ప్రకారం ఆయన వదిలి వెళ్ళింది 17 దీనార్లు. 5 కఫన్‌కు, 2 సమాధి స్థలానికి పోగా, మిగిలినవి పదకొండుమంది కొడుకులు పంచుకున్నారు.

తర్వాత ఖలీఫా అయిన యజీద్, ఫాతిమా సోదరుడే. నగలు తిరిగి ఇస్తానన్నాడు. భర్త బతికుండగా పాటించిన మాటను ఆయన పోయాక కాదనలేనని ఆమె నిరాకరించారు. ఉమర్ సంస్కరణలను యజీద్ చాలావరకు తిరగదోడాడు. అయినా పదమూడు శతాబ్దాల తర్వాత మనం తలచుకుంటున్నది యజీద్‌ను కాదు.

మనకు సామ్రాజ్యాలు లేవు. కానీ ప్రతి ఇంటికీ ఒక ఖజానా ఉంది. నలుగురూ మెచ్చుకోవాలని అప్పుచేసి పెళ్ళి భోజనాలు పెడతాం, ఆ అప్పు తీర్చడానికి పిల్లల చదువు మానిపిస్తాం. ఆఫీసు కాగితాన్ని, ఆఫీసు బండిని సొంతానికి వాడుకుంటాం. ఏ దీపం ఎవరి నూనెతో వెలుగుతోందో ఒక్కసారి చూసుకుందాం. దుబారా ఆపిన ప్రతి రూపాయి మన మెడ మీది బరువును కొంత దించుతుంది, మరొకరి ఆకలి తీర్చడానికి మన చేతిలో మిగులుతుంది.