రహీం సాబ్: ఇండియాకి రెండు ఆసియా గోల్డ్‌లు అందించిన హైదరాబాదీ టీచర్.. ఆయన వెళ్లాక సిటీ ఫుట్‌బాల్‌కి ఏమైంది?

హైదరాబాద్‌కు ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది.. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ కొట్టింది.. 2025లో సిటీ వదిలేసి ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు కూడా మారిపోయింది. ఆరేళ్లలో అంతా అయిపోయింది. ఫ్యాన్స్ మాత్రం జెర్సీలు పట్టుకుని ఇక్కడే మిగిలిపోయారు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ గురించి సిటీలో అందరికీ తెలుసు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల కుర్రాళ్లతో ఎప్పుడూ కిటకిటలాడుతుంది. అక్కడ రెండు లైన్లు కలుస్తాయి. రాయదుర్గం వైపు బ్లూ లైన్ ఎక్కి, దిగాక కాస్త రోడ్డు ప్రయాణం చేస్తే గచ్చిబౌలి స్టేడియం వస్తుంది. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఒకప్పుడు హోమ్ గ్రౌండ్ అదే. ఎల్బీనగర్ వైపు రెడ్ లైన్ ఎక్కితే పంజాగుట్ట, ఖైరతాబాద్, నాంపల్లి దాటి ఎంజీబీఎస్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే చాదర్‌ఘాట్. ఒకప్పుడు ఆ చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన ఒక టీచరే ఇండియన్ ఫుట్‌బాల్ చరిత్రలో అతిపెద్ద కోచ్.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన మైదాన్ సినిమా ఆయన కథే. అయితే సినిమా సినిమానే.. డ్రామా కోసం కొంత కలుపుతారు. అసలు జీవితం అంతకంటే సాదాగా ఉంటుంది. కానీ ఇవాళ టీమ్ మేనేజ్‌మెంట్ల మీద మండిపడుతున్న ఫ్యాన్స్‌కి అందులో చాలా సమాధానాలు దొరుకుతాయి.

టీచర్ నుంచి కోచ్ దాకా

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు నిజాం పాలన. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు.. అక్కడి టీమ్ తరఫున ఆడారు. చదువయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా పలు స్కూళ్లలో పని చేశారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి స్కూల్ గేమ్స్ బాధ్యత తీసుకున్నారు.

ప్లేయర్‌గా ఆయనకు అంత పెద్ద పేరేమీ లేదు. కానీ టీచర్‌కి ఉండే ఓపిక ఉంది. ఏ పిల్లాడికి ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకునే కన్ను ఉంది. 1943లో రెండు బాధ్యతలు ఆయన చేతికి వచ్చాయి. ఒకటి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచింగ్. రెండోది హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ పదవి. చనిపోయేదాకా, అంటే 20 ఏళ్లు ఈ రెండూ ఆయనే చూసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కోచ్ ఆయనే, అసోసియేషన్ నడిపిందీ ఆయనే. అంటే గ్రౌండ్‌లో చెమటోడ్చే వాడూ, ఆఫీసు కుర్చీలో కూర్చునే వాడూ ఒక్కరే. ఆట తెలిసిన వాడి చేతిలో అధికారం ఉంటే ఏం జరుగుతుందో హైదరాబాద్ అప్పుడు చూసింది.

ఎడమ కాలితో మాత్రమే ఆడాలి!

రహీం పెట్టిన టోర్నమెంట్లు వింటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషేధం.. బాల్ వచ్చిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడి కాలి ఆటగాడైతే ఎడమ కాలు, ఎడమ కాలి ఆటగాడైతే కుడి కాలు. కుర్రాళ్లు మొదట నవ్వుకుని ఉంటారు. కానీ కొన్నేళ్లకు రెండు కాళ్లతోనూ ఆడగలిగే తరం ఒకటి సిటీలో తయారైంది.

వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక గ్రౌండ్, ఒక బాల్, రూల్స్ మార్చాలన్న ఆలోచన.. అంతే. అసోసియేషన్ సెక్రటరీ తనే కాబట్టి ఆ ఆలోచనకి ఎవరి పర్మిషన్ కోసమూ ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.

పేద ఆటగాళ్లని వెతికి పట్టుకోవడం ఆయనకి అలవాటు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అలాగే ఆయన కంట్లో పడ్డాడు. ట్రయల్స్‌కి రావడానికి చేతిలో డబ్బుల్లేని ఆ కుర్రాడికి సైకిల్ అద్దె సాయం చేసి మరీ రప్పించారు. అదే బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. ఇండియా చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

ఇక రిజల్ట్స్ సంగతి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా కొట్టింది. కలకత్తా క్లబ్‌లే గొప్ప అనుకునే రోజుల్లో, ఒక పోలీస్ డిపార్ట్‌మెంట్ టీమ్ దేశం మొత్తాన్ని ఊపేసింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956, 1957లో వరుసగా గెలుచుకుంది.

హెల్సింకీలో 10-1.. ఆ ఓటమి ఎవరిది?

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండియా కోచ్ రహీం. ఫైనల్‌లో ఇరాన్‌పై 1-0తో గెలిచి గోల్డ్ అందుకుంది. దేశమంతా సంబరం.

మరుసటి ఏడాదే సీన్ రివర్స్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఫిన్లాండ్ చలి, తడి గ్రౌండ్, ఎదురుగా బూట్లు వేసుకున్న యూరప్ టీమ్. ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తప్పు ఎవరిది? కోచ్‌గా రహీంకి కూడా అందులో వాటా ఉంది. కాదనలేం. కానీ 1948 లండన్ ఒలింపిక్స్‌లోనూ మనవాళ్లలో ఎక్కువ మంది వట్టి కాళ్లతోనే ఆడారు. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి. బూట్లు తప్పనిసరి చేయాలన్న నిర్ణయం ఫెడరేషన్ నుంచి రాలేదు. 10 గోల్స్ పడ్డాకే వచ్చింది. అంతకుముందు 1950 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో ఆడే ఛాన్స్ వస్తే ఫెడరేషన్ టీమ్‌ని పంపనే లేదు. బూట్లు లేవని వెళ్లలేదన్న కథ బాగా పాపులర్. నిజానికి అప్పటి పెద్దలకు ఒలింపిక్స్ మీదున్న మోజు వరల్డ్ కప్ మీద లేదు. మళ్లీ ఆ గడప ఇండియా ఇప్పటిదాకా తొక్కలేదు.

రహీం మాత్రం ఆ ఓటమిని పక్కన పెట్టేయలేదు. కొత్త కుర్రాళ్లని తీసుకున్నారు. ఆడే పద్ధతి మార్చారు. వరల్డ్ ఫుట్‌బాల్‌లో ఏం జరుగుతోందో తెలుసుకుంటూ వచ్చారు. 1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ ద్వారా 4-2-4 ఫార్మేషన్ ఫేమస్ అయింది. అంతకుముందే రహీం ఆ దారిలో ప్రయోగాలు చేశారని ఆయన శిష్యులు చెబుతూ వచ్చారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

ఫలితం 1956లో కనిపించింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది ఇండియా. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. 4-1తో ఓడింది. కానీ నాలుగేళ్ల కిందటి 10-1తో పోలిస్తే ఆ తేడా ఏంటో అందరికీ అర్థమైంది. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి నేటికీ అదే బెస్ట్.

ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు ఎంతమందో చూడండి.. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. సిటీ గల్లీల నుంచి వచ్చిన వాళ్లే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ని 1-1తో నిలువరించింది కూడా రహీం టీమే. ఆ జట్టులో ఆయన కొడుకు ఎస్‌ఎస్ హకీం కూడా ఉన్నారు. ఆ తర్వాత ఇండియా ఫుట్‌బాల్ టీమ్ మళ్లీ ఒలింపిక్స్ మెయిన్ డ్రాకి వెళ్లలేదు.

జకార్తా: లక్ష మంది ఎదురు తిరిగిన రోజు

1962 నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఆ ఒంట్లోనే టీమ్‌ని జకార్తా ఆసియా క్రీడలకు తీసుకెళ్లారు.

అక్కడ గొడవ గ్రౌండ్ బయట మొదలైంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వలేదు. ఇది తప్పని భారత క్రీడా అధికారి జీడీ సోంధీ గట్టిగా అభ్యంతరం చెప్పారు. న్యాయంగా చూస్తే ఆయన మాటలో తప్పు లేదు. కానీ అక్కడి జనం కోపమంతా ఇండియా మీదకు మళ్లింది. ఇండియన్ ఎంబసీ మీద దాడి జరిగింది. మాట్లాడింది అధికారి.. గ్రౌండ్‌లో తిట్లు తిన్నది ఆటగాళ్లు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లపై గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటారు. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ కొరియానే. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది.. దాదాపు అందరూ ఇండియాకి వ్యతిరేకంగా అరుస్తున్నారు.

రహీం వేసిన ఎత్తు చూస్తే మతిపోతుంది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపారు. ఫ్లూ నుంచి తేరుకున్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ని మళ్లీ తీసుకొచ్చారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. ఇండియా 2-1తో గెలిచింది. గోల్డ్ మెడల్!

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

ఆయన తర్వాత ఏమైంది?

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ గోల్డ్ రాలేదు. 1970లో ఒక బ్రాంజ్.. అంతే. రాష్ట్రం విషయానికొస్తే 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం వేసిన విత్తనాల చివరి పంట అది. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరూ కలకత్తా, బొంబాయి దారి పట్టారు. బలరాం అయితే రహీం బతికుండగానే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. డబ్బు, పేరు అక్కడే ఉన్నాయి మరి.

ఒక మనిషి పోతే ఆట పడిపోవడం ఏంటి? అసలు పాయింట్ ఇదే. రహీం సాబ్ 20 ఏళ్లు అన్నీ తానే అయి నడిపారు. ఆయన పద్ధతులను ఒక వ్యవస్థగా మార్చే పని మాత్రం ఎవరూ చేయలేదు. ఆయన చేతిలో ఉన్న కుర్చీ ఉంది.. కుర్చీలో కూర్చున్న మనిషికి ఉన్న శ్రద్ధ లేదు. ఆయన్నే నమ్ముకుని కూర్చోవడం కూడా మేనేజ్‌మెంట్ ఫెయిల్యూరే.

ఇప్పుడు మళ్లీ హైదరాబాద్ ఎఫ్‌సీ దగ్గరకొద్దాం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి టైటిల్ గెలిచింది. కోవిడ్ వల్ల సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. సొంతూరి జనం ముందు కప్పు ఎత్తే యోగం కూడా దక్కలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్ల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్, ఒక్కొక్కరుగా ప్లేయర్లు వెళ్లిపోవడం. 2023-24 సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఓనర్లు మారారు.. ఆ తర్వాత ఊరే మారిపోయింది. అటు ఢిల్లీలో ఫెడరేషన్ పరిస్థితీ అంతంత మాత్రమే. బయటి జోక్యం పేరుతో 2022 ఆగస్టులో ఫిఫా దాన్ని కొద్దిరోజులు సస్పెండ్ చేసింది కూడా.

ఫ్యాన్స్ కోపం ఓటమి మీద కాదు. 10-1తో ఓడిన కోచ్‌ని కూడా ఈ సిటీ నెత్తిన పెట్టుకుంది. ఎందుకంటే ఆయన మరుసటి రోజు మళ్లీ గ్రౌండ్‌కి వచ్చాడు, తప్పు ఎక్కడుందో వెతికాడు. టికెట్ కొని, గొంతు పోయేలా అరిచిన వాడికి ఇప్పుడు దొరకనిది ఆ జవాబుదారీతనమే. టీమ్ ఎందుకు పోయిందో, ఎవరు పంపించారో ఫ్యాన్‌కి అడిగే చోటే లేదు.

పంజాగుట్ట నుంచి మెట్రోలో పోతుంటే అసెంబ్లీ స్టేషన్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే ఎల్బీ స్టేడియం.. ఒకప్పటి ఫతేమైదాన్. అటువైపు వెళ్లినప్పుడు ఒక్కసారి రహీం సాబ్‌ని గుర్తు చేసుకోండి. ఈ సిటీకి ఫుట్‌బాల్ కొత్త కాదు, ఫ్యాన్స్ కొత్త కాదు. లోటల్లా అలాంటి మనిషి కూర్చోవాల్సిన కుర్చీలోనే ఉంది.