ఇంకో కాటన్ దొర కథ

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే, తిమ్మాజిపేటలో పదో తరగతి చదువుతున్నప్పుడు నేను అడిగిన ఒక ప్రశ్న గుర్తుకొచ్చింది.

ఆ రోజు సోషల్ సారు 1948 సెప్టెంబరు గురించి చెబుతున్నారు. బోర్డు మీద హైదరాబాద్ రాష్ట్రం పటం గీశారు. నాలుగు వైపులా భారతదేశమే, ఎక్కడా సముద్రం లేదు. భారత ప్రభుత్వం సరుకు రవాణా దారులన్నీ కట్టడి చేసిందని చెప్పారు. మరి నిజాం సర్కారుకు తుపాకులు ఎటు నుంచి వచ్చాయని లేచి అడిగాను. సారు కాసేపు ఆలోచించారు. విమానాల్లో వచ్చాయని పెద్దలు అనుకునేవారని, తెచ్చిందెవరో మాత్రం తనకు తెలియదని అన్నారు. పెద్దయ్యాక తెలుసుకుని వచ్చి తనకు చెప్పమన్నారు.

తర్వాత నేనూ సోషల్ టీచర్నే అయ్యాను. జవాబు దొరికేసరికి సారు లేరు. అందుకే ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

కాటన్ దొర అంటే మనకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గుర్తుకొస్తాడు. నేను చెప్పేది ఆయన గురించి కాదు. ఈయన ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్. 1894 జూన్ 17న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, పశువులను పెంచే ఒక పెద్ద కమతంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగంలో పైలట్‌గా చేరాడు. అప్పటి విమానాలకు పైకప్పు ఉండేది కాదు. పైన చలికి పైలట్లు కొయ్యబారిపోయేవారు. ఒకరోజు ఇంజను బాగుచేస్తూ, నూనె, గ్రీజు పట్టిన బట్టలతోనే కాటన్ విమానం ఎక్కాడు. దిగాక చూస్తే తోటివాళ్లంతా వణుకుతున్నారు, తనకు మాత్రం చలి అనిపించలేదు. జిడ్డు పట్టిన బట్టలోంచి గాలి దూరలేదని గ్రహించి, 1917లో పైలట్ల కోసం ఒక దుస్తు కుట్టించాడు. దాని పేరు సిడ్‌కాట్ సూట్. బ్రిటన్ వాయుసేన దాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోనూ వాడింది.

యుద్ధం ముగిశాక కెనడా పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ మంచులో విమానాలు నడిపాడు. 1930లలో రంగుల ఫిలిం వ్యాపారం చేశాడు. ఆ వ్యాపారం కోసం దేశాలు తిరిగేవాడు కాబట్టి బ్రిటిష్ గూఢచారి శాఖ కన్ను అతని మీద పడింది. ఆ శాఖ సొమ్ముతో లాక్‌హీడ్ 12ఏ అనే రెండు ఇంజన్ల చిన్న విమానం వచ్చింది. చూసేవాళ్లకు అది ఒక వ్యాపారి సొంత విమానం. సిబ్బంది కూడా ఎక్కువ లేరు. తోడుగా బాబ్ నివెన్ అనే కెనడా యువ పైలట్ ఉండేవాడు. విమానం అడుగున, రెక్కల్లో కెమెరాలు దాచారు. పైన చలికి అద్దాలకు మసక పట్టకుండా విమానం లోపలి వెచ్చని గాలి వాటి మీదుగా బయటకు పోయే ఏర్పాటు చేశారు. 1939లో కాటన్, నివెన్ ఇద్దరూ జర్మనీ మీద, మధ్యధరా సముద్ర తీరాల మీద తిరిగి సైనిక స్థావరాల ఫొటోలు తీశారు. దిగిన చోటల్లా వ్యాపారులుగా మర్యాదలు అందుకున్నారు.

యుద్ధం మొదలవగానే వాయుసేన అతనికి ఫొటోలు తీసే ప్రత్యేక దళాన్ని అప్పగించింది. స్పిట్‌ఫైర్ విమానాల్లోంచి తుపాకులు తీసేయించి కెమెరాలు పెట్టించాడు. బరువు తగ్గించి, సందులు పూడ్చి, పైభాగం నున్నగా చేయించాడు. శత్రువు చేతికి చిక్కనంత ఎత్తులో, వేగంగా పోతే తుపాకీతో పని లేదన్నది అతని లెక్క. ఆ పద్ధతి యుద్ధమంతా పనికొచ్చింది. కానీ పై అధికారుల మాట వినే మనిషి కాదు. 1940 జూన్‌లో ఆ పదవి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది ఓబీఈ బిరుదు ఇచ్చారు.

మన కథలోకి అతను వచ్చింది 1948లో. నిజాం సర్కారుతో బేరం కుదుర్చుకుని లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. అవి లాంకాస్టర్ బాంబర్లను రవాణాకు మార్చి తయారుచేసినవి. పాకిస్తాన్‌లోని కరాచీ నుంచి బయలుదేరి, రాత్రి చీకట్లో భారతదేశం మీదుగా ఎగిరి, బీదర్, వరంగల్ మైదానాల్లో ఆయుధాలు దించేవారు. చుట్టూ దారులు మూసేసిన రాజ్యానికి సాయం చేస్తున్నాననే అతను అనుకున్నాడు.

ఆ రాత్రులు ఇక్కడ ఎలా గడిచాయో మా నాయనమ్మ చెప్పేది. రజాకార్లు వస్తున్నారని కబురు వస్తే దీపాలార్పి, పసిపిల్లల నోరు మూసి, జొన్నచేలల్లో కూర్చునేవారట. మన జిల్లా వాళ్లు కొందరు నదులు దాటి కర్నూలు వైపు వెళ్లిపోయారు. దారులు మూసేసిన రాజ్యంలో మా నాయనమ్మ కూడా ఉంది. ఆమెకు ఏ విమానమూ ఏమీ తేలేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. అన్ని రాత్రుల ఆయుధాలు ఐదు రోజులు కూడా నిలబడలేదు. లండన్ కోర్టు కాటన్‌కు జరిమానా వేసి వదిలేసింది. 1969 ఫిబ్రవరి 13న అతను ఇంగ్లండ్‌లో చనిపోయాడు.

నా తరగతుల్లో ఈ జీవితం చెప్పి, అతను మంచివాడా చెడ్డవాడా అని పిల్లలను అడిగేవాణ్ని. సిడ్‌కాట్ సూట్ దాకా అందరూ మంచివాడనేవారు. బీదర్ దగ్గరకు వచ్చేసరికి తరగతి రెండుగా చీలేది. నేను తీర్పు చెప్పలేదు. జర్మనీ మీద ఎగిరినప్పుడు కింద ఏముందో ప్రతి అడుగూ ఫొటో తీసిన మనిషి, మన మీదుగా ఎగిరినప్పుడు కింద ఎవరున్నారో చూడలేదని మాత్రం చెప్పేవాణ్ని.

సారూ, మీరు అడిగిన జవాబు ఇదీ. తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడం మీ దగ్గరే నేర్చుకున్నాను. నా తరగతిలో నాకు తెలియని ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మీలాగే కాసేపు ఆలోచించి, తెలుసుకుని వచ్చి చెప్పమనేవాణ్ని. ఇద్దరు ముగ్గురు నిజంగానే వచ్చి చెప్పారు.