రక్తం గుట్టు విప్పిన డాక్టర్ కార్ల్ లాండ్‌స్టైనర్

ఆస్పత్రిలో రోగి మంచం పక్కన వేలాడే రక్తం సంచీ మీద ఎ, బి, ఎబి, ఓ అని ఏదో ఒక గుర్తు పెద్దగా రాసి ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా రక్తం ఎక్కిస్తే మనిషి దక్కకపోవచ్చు. ఈ సంగతి లోకానికి తెలియజేసిన వైద్యుని గురించి మన సభ్యులకు, వారి ఇంటివారికి నాలుగు మాటలు చెప్పదలిచాం.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1868 జూన్ 14న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. తండ్రి పేరున్న పత్రికా సంపాదకుడు. ఆరేళ్ల వయసులోనే తండ్రి పోవడంతో ఆ యతీమ్ బిడ్డను తల్లి ఫానీ ఒక్కతే పెంచి పెద్దచేసింది. ఆమె కన్నుమూసినప్పుడు ముఖానికి తీయించిన అచ్చును ఆయన బతికున్నంత కాలం తన గదిలో గోడకు ఉంచుకున్నారు. మన ఆచారం కాదుగాని, ఆ కొడుక్కి తల్లి మీద ఎంత ప్రేమో దాన్నిబట్టి తెలుస్తుంది.

1891లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. ప్రాక్టీసు పెట్టి డబ్బు గడించడం మీద ధ్యాస లేదు. జర్మనీ, స్విట్జర్లాండు వెళ్లి రసాయనశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగివచ్చి శవపరీక్షల విభాగంలో చేరి పదేళ్లలో మూడు వేలకు పైగా శవాలను పరీక్షించారు.

రక్తం ఎక్కించాలన్న ఆలోచన అప్పటికే పాతది. 1667లో ఫ్రాన్సులో గొర్రెపిల్ల రక్తాన్ని కూడా మనిషికి ఎక్కించి చూశారు! 1818లో బ్లండెల్ అనే ఇంగ్లీషు డాక్టరు మనిషి రక్తాన్నే మనిషికి ఎక్కించాడు. కొందరు బతికారు, కొందరు వణికిపోయి ప్రాణాలు విడిచారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరి రక్తంలో మరొకరి రక్తం కలిస్తే గడ్డలు కట్టడం వైద్యులు చూస్తూనే ఉన్నారు, కాని అది రోగం వల్ల అనుకున్నారు.

లాండ్‌స్టైనర్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తమే తీసుకున్నారు. తనది, తనతో పనిచేసే అయిదుగురిది. ఎర్రకణాలను, పైన తేరుకునే పచ్చని నీటిని వేరుచేసి, ఒకరి కణాలను ఇంకొకరి నీటితో గాజుగొట్టాల్లో కలిపి చూశారు. కొన్నిట్లో ఏమీ కాలేదు. కొన్నిట్లో కణాలు ముద్దలు కట్టాయి. ఆ ముద్దలు కట్టే వరసనుబట్టి 1901లో మనుషుల రక్తం మూడు రకాలని తేల్చారు. మరుసటి ఏడు ఆయన తోటివారు నాలుగోది, ఎబిని, కనుగొన్నారు. ఎ రకం కణాలున్న మనిషి రక్తపు నీటిలో బి కణాలకు విరోధి ఉంటుంది. బి వారిలో ఎ కు విరోధి. ఓ వారిలో రెండింటికీ ఉంటుంది గనుక ఓ వారికి ఓ తప్ప మరొకటి పనికిరాదు.

మన ఇళ్లల్లో ఇంకా ఒక మాట వింటుంటాం. సొంత రక్తమే కదా, అబ్బాది బిడ్డకు సరిపోకుండా ఎలా ఉంటుంది అని. సరిపోకపోవచ్చు. తండ్రిది ఎ, తల్లిది బి అయినా బిడ్డది ఓ కావచ్చు. అప్పుడు ఆ బిడ్డకు కన్నవారిద్దరి రక్తమూ పనికిరాదు. ఊరూ పేరూ తెలియని, మతం వేరైన ఓ గ్రూపు మనిషి రక్తం పనికొస్తుంది. ఆపరేషన్ గది ముందు నిలబడి తెలుసుకునే సంగతి కాదిది. అందుకే మన సభ్యుల పట్టికలో గ్రూపు రాసే గడి పెట్టాం. చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. వేలిమీద చిన్న పోటు, కొద్ది నిమిషాల పని. ఇంటి ఆడవాళ్లవి కూడా రాసి పంపవలసిందిగా కోరుతున్నాం, కాన్పుల్లో అవసరం పడేది వాళ్లకే కదా.

లాండ్‌స్టైనర్ కనిపెట్టినదాన్ని లోకం వెంటనే పట్టించుకోలేదు. 1907లో న్యూయార్కు డాక్టరు ఆటెన్‌బర్గ్ ముందుగా రెండు రక్తాలూ కలిపి చూసి ఎక్కించడం మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో దీని విలువ తెలిసొచ్చింది. ఆ యుద్ధంలోనే గ్రీసు దేశపు సలోనికాలో హిర్ష్‌ఫెల్డ్ దంపతులు పలు జాతుల సైనికుల రక్తం పరీక్షించి, మన భారతీయ సిపాయిల్లో బి గ్రూపు ఎక్కువని 1919లో ప్రకటించారు.

యుద్ధం అయ్యాక వియన్నాలో తిండికీ, చలిమంటకు బొగ్గుకూ కరువొచ్చింది. అంతటి శాస్త్రవేత్త 1919లో భార్యాబిడ్డలతో హాలండు వెళ్లి ఒక చిన్న ఆస్పత్రిలో రక్తం, మూత్రం పరీక్షలు చేసుకుంటూ గడిపారు. తర్వాత న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థ పిలిచింది. నోబెల్ బహుమతి 1930లో వచ్చింది, దాదాపు ముప్పయ్యేళ్లకు. 1940లో శిష్యుడు వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ సంగతి ప్రకటించారు. మన గ్రూపు పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాసేది అదే. నెగటివ్ తల్లి కడుపున పాజిటివ్ బిడ్డ పడితే తర్వాతి కాన్పు బిడ్డకు ప్రమాదం. 1968 నుంచి దానికి ఇంజెక్షన్ ఉంది, ముందే గ్రూపు తెలిస్తేనే వేస్తారు.

ఇక ఇచ్చేవారి మాట. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి. ఒంట్లో సుమారు అయిదు లీటర్లుంటే తీసేది 350 మిల్లీలీటర్లు. డబ్బుకు రక్తం అమ్ముకోవడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. అమ్మకం కూడదని, ప్రాణం నిలపడానికి ఉచితంగా ఇవ్వవచ్చని ఎందరో ఉలమాలూ చెప్పారు.

లాండ్‌స్టైనర్ డెబ్బయి అయిదో ఏట కూడా ప్రయోగశాల మానలేదు. అక్కడే పని చేస్తుండగా గుండెపోటు వచ్చి, రెండు రోజులకు, 1943 జూన్ 26న కన్నుమూశారు. ఆయన పుట్టిన జూన్ 14ను 2004 నుంచి ప్రపంచమంతటా రక్తదాతల దినంగా జరుపుతున్నారు.