పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జీవితము

విద్యాభివృద్ధిని గోరి యేటేట సమావేశమగు మన సంఘసోదరులకును, పోషకులకును, పట్టభద్రుడు కాకయే లోకప్రసిద్ధుడైన యొక శాస్త్రజ్ఞుని జీవితమును విన్నవించుట యుచితమని తలచితిమి.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి మేనమామ యింట పెరిగెను. బాల్యమున తాను కొట్టిన పిచ్చుక కంఠమున పసుపుమచ్చను జూచి, అదేమో తెలియగోరి బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు గొనిపోయెను. అచటి కార్యదర్శి మిల్లార్డు దొర భద్రపరచిన పక్షులనెల్ల జూపెను. నాటినుండి పక్షులే యాతని విద్య.

కళాశాల పట్టము లేనందున ప్రభుత్వ జంతుశాస్త్రశాఖలో నుద్యోగము లభింపలేదు. కొంతకాలము బొంబాయి మ్యూజియములో పనిచేసి, 1929లో బెర్లిను చేరెను. అచటి విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల 1810లో వెలసినది. అందు పక్షివిభాగాధిపతియగు స్ట్రెసెమాన్ పండితుడు ఈయనను శిష్యునిగా గైకొనెను. అట్టి శాలలో పక్షిచర్మమునకు విలువనిచ్చునది దాని కాలికి గట్టిన చీటి. స్థలము, తేదీ లేనిచో నది శాస్త్రమునకు అంతగా పనికిరాదు.

1930లో తిరిగివచ్చునప్పటికి, ధనాభావముచే మ్యూజియములోని యుద్యోగము రద్దయ్యెను. ఈయన క్రుంగక, సముద్రతీరమున కిహీము గ్రామమందు గిజిగాని గూళ్లను పరిశీలించెను. మగపక్షి గూడు సగమల్లుననియు, ఆడుపక్షి పరీక్షించి మెచ్చినపిదపనే పూర్తిచేయుననియు, అటుపిమ్మట వేరొక జతకై మరియొక గూటికి పూనుకొనుననియు వెల్లడించెను. మన యీతచెట్లకు వ్రేలాడు గూళ్ల రహస్య మిదియే.

1931-32లో నిజాము ప్రభుత్వ సహాయమున హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించెను. జీతము గోరక, ఖర్చులు మాత్రమే పుచ్చుకొనెను. నిజాంసాగరము పూర్తియైన దినములవి. బోధను చక్కెర కర్మాగార మింకను వెలయలేదు. ఇందూరు మెట్టపొలములు చెరకుతోటలుగా మారుచున్న తరుణమున నీ లెక్క యేర్పడుట మన భాగ్యము. 1937లో పుట్టిన యా కర్మాగారము 2015లో మూతపడినది. ఈయన వ్రాసిన వివరములు నిలిచియున్నవి.

1941లో భారతదేశపు పక్షులపై గ్రంథము ప్రకటించెను. 1976లో పద్మవిభూషణ బిరుదమందెను. 1900 తరువాత కానరాని కలివికోడి 1986లో కడప మండలమున మరల గానవచ్చుట విని, 1987 జూన్ 20న దివంగతుడయ్యెను.

పోషకులారా! మన పిల్లలకు పట్టములు కావలసినవే. కాని గూటిని జూచి ప్రశ్నించు బాలుని, అతడు పరీక్షలో వెనుకబడినను, విడనాడరాదని మా ప్రార్థన. ఒక్క మిల్లార్డు అరలు తెరచి చూపకున్నచో మన దేశమున కీ సలీం అలీ లేడు.